నెలనెలా మీటింగుకి జనం తగ్గిపోతున్నారు, ప్రసంగాలు ఎత్తేయాలా?

తప్పక_కార్యదర్శి

అందరికీ నమస్కారం. మా ఏరియాలో రిటైరైనవాళ్ళం కలిసి మూడేళ్ళ కిందట ఒక సంఘం పెట్టుకున్నాం. నెలకొకసారి, మొదటి శనివారం సాయంత్రం, గంటసేపు ఎవరో ఒకరు మాట్లాడతారు, తర్వాత ప్రశ్నలు, ఆ తర్వాత ఓపికున్నంతసేపు కబుర్లు, ఇంతే కార్యక్రమం. కార్యదర్శి పదవి ఎవరికీ అక్కర్లేకపోయింది, నేను బాత్రూమ్‌కి వెళ్ళొచ్చేలోపు నన్ను ఎన్నుకున్నారు. అదీ నా అర్హత.

మొదటి మీటింగుకి 42 మంది వచ్చారు. కుర్చీలు చాలక పక్క గదిలోంచి తెచ్చి వేశాం. పోయిన నెల 13 మంది. అందులో ఐదుగురం కమిటీవాళ్ళం, అంటే రాక తప్పనివాళ్ళం. వాట్సాప్ గ్రూపులో మీటింగ్ ఉందని పెడితే మాత్రం అరవై బొటనవేళ్ళు వస్తాయి. ఆ వేళ్ళు పెట్టిన మనుషులు ఆ సాయంత్రం ఎక్కడికి మాయమవుతారో తెలీదు.

ప్రసంగాల సంగతి కూడా దాచకుండా చెప్తాను. పోయిన ఏడాది పన్నెండింటిలో ఎనిమిది ఆరోగ్యం మీదే. గుండె, మోకాళ్ళు, కళ్ళు, షుగర్, నిద్ర, మళ్ళీ మోకాళ్ళు. ఒకాయన మెట్ల దగ్గర ఎదురై "ఈసారి ఏ అవయవం సార్?" అని అడిగాడు. నవ్వేశాను గానీ లోపల గుచ్చుకుంది. ఇంకోసారి డబ్బు జాగ్రత్త చేసుకోవడం గురించి చెప్తారని ఒకాయన్ని పిలిస్తే అరగంట తిరక్కుండానే పాలసీ ఫారాలు పంచడం మొదలెట్టాడు. అంతటితో పోలేదు, మా హాజరు పుస్తకాన్ని ఫోన్లో ఫొటో తీసుకుపోయాడు, వారం రోజులపాటు అందరికీ ఫోన్లే ఫోన్లు. తిట్లన్నీ నాకు.

ఇప్పుడు కమిటీలో ముగ్గురు "ఈ ఊకదంపుడు ఉపన్యాసాలు ఎత్తేద్దాం, ఆటలూ పాటలూ పెడదాం, జనం వాళ్ళే వస్తారు" అంటున్నారు. నాకెందుకో మనసొప్పట్లేదు, ఎందుకొప్పట్లేదో చెప్పమంటే మాత్రం చెప్పలేకపోతున్నాను. "ఒంటరితనం రోజుకి 15 సిగరెట్లు తాగడంతో సమానం, మీటింగుకి రండి" అని పోయిన వారం ఒక పోస్టర్ కూడా చేసి పెట్టాను. మళ్ళీ బొటనవేళ్ళే.

ఇలాంటివి నడిపినవాళ్ళు, కొన్నాళ్ళు వెళ్ళి మానేసినవాళ్ళు, ఇద్దరూ చెప్పండి. మొహమాటపడొద్దు. ముఖ్యంగా మానేసినవాళ్ళు.

వెనక_బెంచీ

మానేసినవాళ్ళు చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నా. నేను వెళ్ళేది మీ సంఘం కాదు, ఇంకోటి, రెండేళ్ళు క్రమం తప్పకుండా వెళ్ళి ఆపేశాను. ఎందుకు రావట్లేదని అడిగిన ప్రతివాడికీ మోకాళ్ళ నొప్పని చెప్పాను. నా మోకాళ్ళు దివ్యంగా ఉన్నాయి. పోయింది చెవులు.

ఎలా జరుగుతుందో చెప్తాను వినండి. వక్త లేచి నిలబడతాడు, మైకు ఇవ్వబోతే "వద్దులెండి, నా గొంతు పెద్దదే, అందరికీ వినిపిస్తోందా?" అంటాడు. వినిపించినవాళ్ళు "ఆ" అంటారు. వినిపించనివాడు ఏమంటాడు, అడిగిందే వినిపించలేదు కదా. నా మీటింగ్ అక్కడితో అయిపోయినట్టే. మిగిలిన గంటా పక్కవాళ్ళు నవ్వినప్పుడు నవ్వడం, వాళ్ళు తలూపినప్పుడు ఊపడం. ఒకసారి ఎవరో పోయారన్న వార్త చెప్తుంటే కూడా నవ్వాను. ఆ రోజు ఇంటికెళ్ళి మా ఆవిడతో ఇంక వెళ్ళనన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనే సామెత చిన్నప్పుడు తెగ వాడేవాణ్ణి, ఇప్పుడు దాని బాకీ తీరుస్తున్నా.

వయసుతో ముందు పోయేవి సన్నటి, పైస్థాయి శబ్దాలు. అచ్చులు చెవిన పడతాయి, స, ష, త, క లాంటివి జారిపోతాయి. అంచేత ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో అందదు. బయటివాళ్ళకి మనం మతిమరుపు మనిషిలాగో పొగరుబోతులాగో కనిపిస్తాం. మిషన్ పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకున్నాను. ఎదురెదురుగా ఇద్దరు కూర్చుంటే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. పెద్ద హాల్లో అయితే వక్త గొంతు, ఫ్యాను రొద, కుర్చీ ఈడ్చిన చప్పుడు, వెనక ఇద్దరి గుసగుస అన్నీ కలిపి చెవిలో పోస్తుంది.

అరవై దాటినవాళ్ళలో నలుగురిలో ఒకరికి పైగా ఇబ్బంది పెట్టేంత వినికిడి లోపం ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మీ 42 మందిలో పదిమందికి తక్కువ ఉండరు. తగ్గిన 29 మందిలో వాళ్ళెంతమందో ఒకసారి చూసుకోండి. వాళ్ళు మాత్రం మీకు చెప్పరు, మోకాళ్ళే చెప్తారు.

రేడియో_మెకానిక్

పైన వెనక_బెంచీ గారు రాసింది అక్షరాలా నిజం. సౌండ్ పనులు చాలా ఏళ్ళు చేశాను కాబట్టి నాలుగు ముక్కలు.

ఎంత పెద్ద గొంతైనా సరే మైకు తప్పనిసరి. నోటికి నాలుగు వేళ్ళ దూరంలో పట్టుకోమనండి, బొడ్డు దగ్గర పట్టుకుని మాట్లాడే వక్తలే ఎక్కువ. ప్రేక్షకుల్లోంచి ప్రశ్న వస్తే వక్త జవాబు చెప్పేముందు ఆ ప్రశ్నని మైకులో మళ్ళీ చదవాలి, దీనికి పైసా ఖర్చు లేదు, అయినా ఎవరూ చేయరు. వక్త వెనక కిటికీ ఉండకూడదు, మొహం చీకటైపోతుంది, సగం వినేవాళ్ళు మిగతా సగం పెదాలు చూసి పూరించుకుంటారు. హాలుకి ఇండక్షన్ లూప్, అంటే హాలు చుట్టూ వేసే ఒక తీగ, వేయించగలిగితే మంచిది, ఆ సౌకర్యమున్న చెవి మిషన్లకి మైకులో మాట నేరుగా వెళ్తుంది, హాలు రొద మధ్యలో దూరదు. ఆ సౌకర్యం పేరు టీ-కాయిల్, మిషన్లో అది ఉందో లేదో కొన్నచోట అడగాలి. చాలామంది దగ్గర అది ఉండి కూడా ఆన్ చేసి ఉండదు.

లెక్కల_టీచరమ్మ

కార్యదర్శి గారూ, ప్రసంగాలు ఎత్తేయకండి, వక్తల్ని మార్చండి. బయటినుంచి డాక్టర్లనీ మేనేజర్లనీ పట్టుకొచ్చి వాళ్ళ ముందు మనం బుద్ధిమంతుల్లా కూర్చుంటున్నామంటే, హాల్లో ఉన్నవాళ్ళెవరికీ ఏమీ తెలీదని మనమే ఒప్పుకున్నట్టు కదా.

ఇది నా సొంత తెలివేం కాదు. 1973లో ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో పియర్ వెల్లాస్ అనే ప్రొఫెసర్ రిటైరైనవాళ్ళ కోసం 'యూనివర్సిటీ ఆఫ్ ది థర్డ్ ఏజ్' మొదలుపెట్టారు, అంటే చదువు, ఉద్యోగం దాటాక వచ్చే మూడో వయసు. అక్కడ యూనివర్సిటీవాళ్ళే పాఠం చెప్పేవారు. 1980ల మొదట్లో అది బ్రిటన్‌కి వచ్చినప్పుడు పీటర్ లాస్లెట్, మైకేల్ యంగ్, ఎరిక్ మిడ్వింటర్ అనే ముగ్గురు దాన్ని తిరగేశారు. ప్రొఫెసర్లు వద్దు, పరీక్షల్లేవు, సర్టిఫికెట్లు లేవు, చెప్పేవాళ్ళకి జీతం లేదు. ఎవరికి ఏది తెలిస్తే అది మిగతావాళ్ళకి చెప్తారు, ఈ రోజు టీచరు రేపు ఇంకో గ్రూపులో వెనక కూర్చునే స్టూడెంటు. నెలకోసారి అందరూ ఒకచోట చేరే పెద్ద మీటింగ్ చాలాచోట్ల ఉంటుంది, కానీ అసలు సందడంతా ఐదారుగురు, పదిమంది కలిసే చిన్న గ్రూపుల్లో, చాలాసార్లు ఎవరో ఒకరి ఇంట్లోనే. నెల మీటింగ్ గుమ్మం లాంటిదన్నమాట. మీరు గుమ్మం కట్టి లోపల గదులు కట్టడం మర్చిపోయారు.

మా దగ్గర ఇప్పటిదాకా జరిగిన వాటిలో అందరూ ఇంకా చెప్పుకునేది రైలు సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేసిన ఒకాయన మాట్లాడిన రోజు. రెండు సిగ్నళ్ళ మధ్య ముక్కలో ఒక సమయానికి ఒకే రైలు ఉండాలి, అది దాటిందని అవతలి స్టేషన్ చెప్పేదాకా ఇంకోదాన్ని వదలకూడదు, ఇంతే సూత్రం. దాన్ని టేబుల్ మీద అగ్గిపెట్టెలు పెట్టి చూపించాడాయన. తర్వాత రాత్రి రెండు గంటలప్పుడు అవతలి మనిషి నిద్రపోయి ఫోన్ ఎత్తకపోతే, ఇక్కడ రైలు కూతలు పెడుతుంటే, చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన పరిస్థితి గురించి చెప్పాడు. ఇరవై నిమిషాలు మాట్లాడితే గంటసేపు ప్రశ్నలు. నాకు ముప్పై ఏళ్ళుగా తెలిసిన మనిషి, పక్క వీధే, ఆయన పని ఏంటో ఆ రోజే తెలిసింది.

అడిగితే మాత్రం ప్రతివాళ్ళూ "నా దగ్గరేముందమ్మా చెప్పడానికి" అంటారు. ప్రసంగం అనే మాట వింటేనే చెమటలు. అందుకని మేం ప్రసంగం అనడం మానేశాం. రెండు కుర్చీలు వేస్తాం, ఒకళ్ళు అడుగుతారు, ఒకళ్ళు చెప్తారు. పనిలో వాడిన వస్తువు ఒకటి చేతిలో పట్టుకురమ్మంటాం, ఇది మాత్రం మర్చిపోవద్దు, చేతిలో వస్తువుంటే మాట దానంతటదే వస్తుంది.

పాలసీ ఫారాల విషయానికి ఒక నియమం రాసి గోడకి అంటించండి. వక్త ఏమీ అమ్మకూడదు, ఏమీ పంచకూడదు, హాజరు పుస్తకం కార్యదర్శి చేతిలోంచి కదలకూడదు. పిలిచేటప్పుడే చెప్పేయండి. అది విని రానన్నవాళ్ళ వల్ల నష్టమేం లేదు.

ముందు_వరుస

లెక్కల టీచరమ్మ గారూ, సగం ఒప్పుకుంటాను. రెండు కుర్చీల పద్ధతి బాగుంది. కానీ అందరూ ఏదో ఒకటి చెయ్యాలి, అందరూ చిన్న గ్రూపుల్లో చేరాలి అన్నారంటే నాలాంటివాణ్ణి కూడా పోగొట్టుకుంటారు.

నాకు జనంలో కలవడం చేతకాదు. ఆఫీసులో కూడా అంతే, పనుంటే మాట్లాడేవాణ్ణి. నా భార్య పోయాక ఇంట్లో మాట వినపడకుండా నాలుగు రోజులు గడిచిపోతుంటాయి. నెల మీటింగుకి నేను వెళ్ళేది ప్రసంగం ఉందనే. ఆ గంటసేపు నలుగురి మధ్య కూర్చోవచ్చు, నోరు విప్పక్కర్లేదు, ఎందుకొచ్చావని ఎవరూ అడగరు, ఎందుకంటే ప్రసంగానికి వచ్చాను కదా. అది తీసేసి ఆటలూ పాటలూ పెడితే మొదట్లో పది మంది పెరుగుతారేమో, నేను మాత్రం గేటు దాకా వచ్చి వెనక్కెళ్ళిపోతాను. మీ మనసెందుకు ఒప్పట్లేదో అన్నారుగా, ఇదై ఉంటుంది.

ప్రోబస్ క్లబ్బులని ఉన్నాయి, 1960ల మధ్యలో ఇంగ్లండ్‌లో పుట్టాయి, ప్రొఫెషనల్, బిజినెస్ అనే రెండు మాటల ముందు ముక్కలు కలిపి పెట్టిన పేరు. నెలకోసారి కలవడం, ఒక అతిథి మాట్లాడటం, అంతే. వీళ్ళు విరాళాలు పోగుచేయరు, సేవా కార్యక్రమాలు నెత్తికెత్తుకోరు. జీవితమంతా పని చేసినవాళ్ళకి మళ్ళీ పని అంటగట్టకుండా ఊరికే కలవడానికి ఒక చోటు. ఆ 'ఊరికే' అన్నదానికి విలువ ఉందండీ.

ఇంకో విషయం, నిడివి. మా దగ్గర ఒక పెద్దాయన గంటా ముప్పావు మాట్లాడాడు. డెబ్బై దాటిన మగవాళ్ళు సగంమంది ఉన్న హాల్లో గంటా ముప్పావు! ఒక్కొక్కరే లేచి వెళ్తుంటే తన మాటలకి కోపమొచ్చి వెళ్తున్నారనుకుని ఇంకా గట్టిగా మొదలెట్టాడు. నలభై నిమిషాలు దాటనివ్వకండి. గంట కొట్టే బాధ్యత ఎవరికైనా అప్పగించండి, అందుకు నేను రెడీ, నోరు విప్పక్కర్లేని పని.

అంకెల_పిచ్చి

ఆ 15 సిగరెట్ల పోస్టర్ దయచేసి తీసేయండి సార్. అది అబద్ధమని కాదు, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే మీరే తీసేస్తారు.

2010లో అమెరికాలో జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్, ఇంకో ఇద్దరు కలిసి 148 పరిశోధనల్ని, మొత్తం 3,08,849 మంది వివరాల్ని ఒకచోట పోగేసి చూశారు. సగటున ఏడున్నరేళ్ళ పాటు గమనించిన లెక్కలవి. మనుషులతో సంబంధాలు గట్టిగా ఉన్నవాళ్ళు ఆ కాలం చివర బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువ అని తేలింది. ఆ తేడా ఎంత పెద్దదో అర్థమవడానికి పొగతాగడం లాంటి వాటితో పోల్చారు. 2023లో అమెరికా సర్జన్ జనరల్, అంటే అక్కడి ప్రభుత్వ ప్రజారోగ్య అధికారి, విడుదల చేసిన పత్రంలో కూడా 15 సిగరెట్ల పోలిక వచ్చింది, పోస్టర్లకీ ఎక్కింది. ఇందులో ఎవరూ మనుషుల్ని ఒంటరిగా పెట్టి సిగరెట్లు లెక్కపెట్టలేదు. జబ్బు పడ్డవాళ్ళు కూడా బయటికి రావడం తగ్గిస్తారు కాబట్టి ఏది కారణమో ఏది ఫలితమో పూర్తిగా విడదీయడం కష్టం.

మనకి పనికొచ్చే ముక్క ఆ 2010 పరిశోధనలోనే ఇంకోటుంది, దాన్నెవరూ పోస్టర్ చేయరు. ఒంటరిగా బతుకుతున్నారా, ఇంట్లో ఇంకొకళ్ళున్నారా అని మాత్రమే చూసిన లెక్కల్లో తేడా అన్నిటికంటే తక్కువగా కనిపించింది. మనిషికి ఎన్ని రకాల బంధాలున్నాయి, కుటుంబం, స్నేహితులు, సంఘాలు, ఇరుగుపొరుగు అన్నీ కలిపి చూసిన లెక్కల్లో తేడా అన్నిటికంటే ఎక్కువ. కాబట్టి ఇంట్లో కొడుకూ కోడలూ ఉన్నారుగా, ఆయనకేం లోటు అని ఎవర్నీ లిస్టులోంచి కొట్టేయకండి.

అయినా బెదిరిస్తే ఎవరొస్తారు చెప్పండి. ఒంటరిగా ఉన్నవాడికి తను ఒంటరినని తెలుసు. గ్రూపులో అందరి ముందు ఆ మాట చదివించి, దాన్ని ఒప్పుకుంటున్నట్టు నడిచి హాలుకి రమ్మంటే ఎవరికైనా కాళ్ళు రావు.

తప్పక_కార్యదర్శి

పోస్టర్ తీసేశాను. సిగ్గుగా ఉంది, పర్లేదు. వెనక_బెంచీ గారు రాసింది చదివాక మా హాజరు పుస్తకం ముందేసుకున్నాను. మొదట్లో వచ్చి ఆగిపోయినవాళ్ళలో తొమ్మిది మంది పేర్ల పక్కన నేనే 'మోకాళ్ళు' అని రాసి పెట్టుకున్నాను.

రిటైర్మెంట్_లేని_మనిషి

ఇంతమంది ఇంత రాశారు, ఎవరికీ తట్టని సంగతి ఒకటుంది. కార్యదర్శి గారూ, మీ సంఘం బోర్డు మీద ఏం రాసి ఉంది? 'విశ్రాంత ఉద్యోగుల సంఘం' అనే కదా? అక్కడే సగంమంది ఆడవాళ్ళు ఆగిపోయుంటారు.

నేను ఉద్యోగం చేయలేదు. నలభై ఆరేళ్ళు ఇల్లు నడిపాను, అత్తగారికి మంచంలో ఎనిమిదేళ్ళు చేశాను, ముగ్గురు పిల్లలు. నాకు రిటైర్మెంట్ ఆర్డరు ఎవరూ ఇవ్వలేదు, వీడ్కోలు సభ కూడా పెట్టలేదు. ఒకసారి మా వారితో ఇలాంటి మీటింగుకే వెళ్తే కొత్తవాళ్ళని పరిచయం చేసుకోమన్నారు. "మీరు ఏ డిపార్ట్‌మెంట్ అమ్మా?" అని అడిగారు. "నేనేం చేయలేదండీ" అనేశాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందా అని ఇప్పటికీ అనుకుంటుంటాను. తర్వాత అక్కడికి వెళ్ళలేదు. నాకు మోకాళ్ళ అవసరం కూడా రాలేదు, ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు.

ఆ మొదటి ప్రశ్న మార్చండి చాలు. ఏం ఉద్యోగం చేశారు అని కాకుండా ఈ మధ్య దేనితో కాలక్షేపం అవుతోంది అని అడగండి. పెద్ద ఆఫీసరుగా చేసినాయన అక్కడ కాస్త తడుముకుంటాడు, తడుముకోనివ్వండి.

ఇంకా రెండున్నాయి. సాయంత్రం పెడుతున్నామన్నారు, చీకటి పడ్డాక తిరిగి వెళ్ళడం చాలామందికి భయం, ఎదురుగా వచ్చే లైట్లకి కళ్ళు చెదిరిపోతాయి, ఒప్పుకోరంతే. పొద్దున పది, పదకొండు మధ్య పెట్టి చూడండి. రెండోది, ఇంట్లో లేవలేని మనిషి ఉన్నవాళ్ళు. వాళ్ళకి రెండు గంటలు బయట కూర్చోవాలని అందరికంటే ఎక్కువ ఉంటుంది, కదలడానికే ఉండదు. మేం ఆరుగురం ఆడవాళ్ళం ఒక ఏర్పాటు చేసుకున్నాం, మీటింగ్ ఉన్న పూట ఒకళ్ళింట్లో ఇంకొకళ్ళు కూర్చుంటాం, వచ్చే నెల వంతు మారుతుంది. ఆరంభంలో చాలా మొహమాటం ఉండేది, మన ఇంట్లో మంచం దగ్గర పరాయి మనిషిని కూర్చోబెట్టడమంటే. రెండు మూడు సార్లయ్యాక అది పోయింది. మా ఆయన ఇప్పుడు నాకంటే ఆవిడ వస్తేనే మాత్రలు మారాం లేకుండా వేసుకుంటున్నారు, ఏం చేస్తాం.

రేడియో_మెకానిక్

మళ్ళీ నేనే. ఊరికే కూర్చుని మాట్లాడుకోవడం చేతకాని మగవాళ్ళ గురించి ముందు_వరుస గారు రాశారుగా, వాళ్ళకోసం ఆస్ట్రేలియాలో 1990ల్లో మెన్స్ షెడ్ అని మొదలైంది. ఒక షెడ్డు, పనిముట్లు, ఎవరి చెక్కపని వాళ్ళది. మగవాళ్ళు మొహంలో మొహం పెట్టి మాట్లాడరు, భుజం భుజం ఆనించి పనిచేస్తూ మాట్లాడతారని వాళ్ళ మాట. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టీన్ పోస్ట్‌మా అనే ఆవిడ మొదలెట్టిన రిపేర్ కేఫ్ కూడా ఇలాంటిదే, పాడైన వస్తువు పట్టుకొస్తే పని తెలిసినవాళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని బాగుచేస్తారు. మేం మూడు నెలలకోసారి చేస్తున్నాం. పోయినసారి ఒకాయన బ్రహ్మాండంగా పనిచేస్తున్న రేడియో తెచ్చి "కొంచెం చూడండి" అన్నాడు. విప్పి, దులిపి, మళ్ళీ బిగించి ఇచ్చాను. గంటన్నర పట్టింది.

తప్పక_కార్యదర్శి

నలభై రోజుల తర్వాత వస్తున్నాను. ఏం జరిగిందో చెప్పకపోతే బాగోదు.

మీటింగ్ పొద్దున పదిన్నరకి మార్చాం. కమిటీలో ఇద్దరు అలిగారు, ఒకాయన అలక ఇంకా తీరలేదు. మైకు అద్దెకి తెచ్చాం. ప్రశ్న మళ్ళీ చదవాలన్న నియమం మొదటి మూడు ప్రశ్నలకి గుర్తుంది, నాలుగోది మర్చిపోయాం, అప్పుడు వెనకనుంచి ఒకాయన చెయ్యెత్తి "ప్రశ్నేంటి?" అని అడిగాడు. మూడేళ్ళలో ఆయన చెయ్యెత్తడం అదే మొదలు.

రెండు కుర్చీలు వేసి, అచ్చాఫీసులో కంపోజిటర్‌గా చేసినాయన్ని కూర్చోబెట్టాం. కంపోజింగ్ స్టిక్ పట్టుకొచ్చాడు. సీసపు అక్షరాలు ఒక్కోటి ఏరి అందులో తలకిందులుగా పేర్చాలి, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి, అలాగే చదివి తప్పులు పట్టాలి, వత్తులకీ గుణింతాలకీ వేరే గళ్ళు, చూడకుండానే చెయ్యి అక్కడికి వెళ్ళేదట. ఎవరో పేపరు తలకిందులుగా ఇచ్చి చదవమంటే గడగడా చదివేశాడు. నలభై నిమిషాలకి గంట కొట్టారు, కొట్టినాయన్నే అందరూ తిట్టారు. వచ్చినవాళ్ళు 21 మంది. నేను ముప్పై అనుకున్నాను.

ఇంకో పని చేశాను. రానివాళ్ళందరికీ ఫోన్లు చేశాను, గ్రూపులో మెసేజ్ కాదు, ఫోన్. నలుగురు పిల్లల దగ్గరికి వేరే ఊళ్ళు వెళ్ళిపోయారు. మోకాళ్ళ తొమ్మిది మందిలో ఐదుగురు చెవుల సంగతి ఒప్పుకున్నారు, ఒకాయనకి నిజంగానే మోకాళ్ళు. ఇద్దరు చనిపోయారు. ఒకరి గురించి మాకు తెలుసు. రెండో ఆయన పోయి నాలుగు నెలలైంది, మాలో ఎవరికీ తెలీదు. తెలియకపోవడానికి కారణం, ఆయన నంబరు నుంచి ప్రతి మీటింగ్ మెసేజ్‌కీ బొటనవేలు వస్తూనే ఉంది. ఆయన భార్య పెడుతున్నారట. ఏం రాయాలో తెలీక, గ్రూపులోంచి తీసేస్తారేమోనని పెడుతున్నానండీ అన్నారు. మీరూ రండమ్మా అన్నాను. "నేను ఉద్యోగం చేయలేదు కదండీ" అన్నారు.

బోర్డు మార్చడానికి ఇచ్చాం. పేరేంటన్నది ఇంకా తేలలేదు, దానిమీదే రెండు కమిటీ మీటింగులయ్యాయి. ఆవిడ వచ్చే నెల వస్తానన్నారు, తీసుకురావడానికి వాళ్ళ వీధిలోనే ఉండే ఒకావిడ వెళ్తానన్నారు.

రేడియో_మెకానిక్ గారూ, మీకో ప్రశ్న. మైకు పెట్టాక మాట పెద్దదైంది గానీ హాలంతా గుయ్యిమంటోంది, ఒక్కో మాట రెండుసార్లు వినిపిస్తోంది. స్పీకర్లు మార్చాలా?

రేడియో_మెకానిక్

స్పీకర్ల జోలికి ఇప్పుడే వెళ్ళకండి. గోడలు నున్నగా, నేల రాయి అయితే ఏ స్పీకరైనా అంతే. స్పీకర్ల ఎదురుగోడకి మందపాటి గుడ్డ తెరలు కట్టండి, కుచ్చిళ్ళు ఎక్కువ పెట్టి, బిగుతుగా లాగకుండా. కుర్చీ కాళ్ళకి రబ్బరు తొడుగులు వేయండి. వాల్యూమ్ ఒక గీత తగ్గించి స్పీకర్లని జనానికి దగ్గరికి జరపండి, గోడవైపు కాకుండా మనుషులవైపు తిప్పి. జనం పెరిగితే కూడా గుయ్యిమనడం తగ్గుతుంది, మనుషులూ, బట్టలూ శబ్దాన్ని పీల్చుకుంటారు. ఈ నాలుగూ చేసి చూసి అప్పటికీ తగ్గకపోతే హాలు కొలతలు రాయండి.